ఇంటి రాతప్రతి పుస్తకం కావాలంటే: తక్కువ ఖర్చుతో స్వీయ ప్రచురణ

సరిహద్దు జిల్లాల తెలుగు ఇళ్లలో అచ్చుకు నోచుకోని రాతప్రతులు చాలా ఉన్నాయి. హోసూరు వైపు అవ్వ పాడిన పెళ్లిపాటలను మనుమరాలు ఎక్కించుకున్న నోటుపుస్తకం, బళ్లారి సీమలో ఒక రైతు కట్టిన తత్త్వాలు, షోలాపురంలో మగ్గం పనివారి వలస జ్ఞాపకాలు, పర్లాకిమిడిలో విశ్రాంత ఉపాధ్యాయుడు రాసుకున్న శతకం వంటివి ట్రంకుపెట్టెల్లో పడి ఉంటాయి. రాసినవారి తరం దాటితే వాటిని చదవగలిగినవారు ఆ ఇంట్లో మిగలకపోవచ్చు. పిల్లల చదువు కన్నడంలోనో, తమిళంలోనో, ఒడియాలోనో, మరాఠీలోనో సాగుతున్నది. తమిళనాడులో 2006 నాటి చట్టం పదో తరగతి వరకు తమిళాన్ని అంచెలంచెలుగా తప్పనిసరి పాఠ్యాంశం చేసిన తరువాత అక్కడి తెలుగు బడుల పరిస్థితి ఆ జిల్లాలవారికి తెలిసినదే. కనుక రాతప్రతిని అచ్చు వేయించే పనిని వాయిదా వేసే కొద్దీ దాన్ని సరిచూడగల పెద్దలు తగ్గిపోతారు.

వాయిదాకు సాధారణంగా చెప్పే కారణం డబ్బు. ఇందులో నిజం కొంత, పాత లెక్క కొంత.

ఖర్చు ఎక్కడ ఉంటుంది

పుస్తకం వేయించడమంటే వెయ్యి ప్రతులు వేయించడమే అన్న అభిప్రాయం ఆఫ్‌సెట్ ముద్రణ నాటిది. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల తయారీకి, యంత్రాన్ని సిద్ధం చేయడానికి అయ్యే ఖర్చు వంద ప్రతులకైనా వెయ్యి ప్రతులకైనా ఇంచుమించు ఒకటే. అందువల్ల ప్రతులు పెరిగే కొద్దీ ఒక్కో ప్రతి చౌకవుతుంది. కాని తగ్గేది ప్రతి ఖరీదు మాత్రమే, బిల్లు కాదు. వెయ్యి వేయించి రెండు వందలు పంచి, మిగిలిన ఎనిమిది వందలను చెదలకు వదిలిన ఇళ్లు తక్కువేమీ కాదు. డిజిటల్ ముద్రణలో ప్లేట్లు ఉండవు. యాభై ప్రతులైనా, వంద ప్రతులైనా వేయించుకోవచ్చు. చాలకపోతే అదే ఫైలుతో మరో యాభై వేయించవచ్చు. ఒక కుటుంబానికి, ఒక ఊరికి సంబంధించిన పుస్తకానికి మొదటి విడతగా వంద నుంచి రెండు వందల ప్రతులు చాలు. మూడు నాలుగు వందలు దాటి అవసరమని ముందే తేలితే రెండు పద్ధతులకూ ధరలు అడిగి పోల్చుకోవాలి.

ప్రెస్సువారితో మాట్లాడే ముందు వారి లెక్క తెలిసి ఉండడం మేలు. తెలుగు పుస్తకాలకు ఎక్కువగా వాడే పరిమాణం డెమ్మీలో ఎనిమిదో వంతు. అంచులు కోసిన తరువాత అది సుమారు ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు ఉంటుంది. ఒక డెమ్మీ షీటుకు రెండు వైపులా కలిపి 16 పుటలు పడతాయి. దీన్నే ఒక ఫారం అంటారు. 96 పుటల పుస్తకమంటే ఆరు ఫారాలు. 500 ప్రతులకు 3000 షీట్లు, అనగా ఆరు రీముల కాగితం, తరుగు అదనం. ఆఫ్‌సెట్‌లో పుస్తకం 98 పుటలకు చేరితే ఆ రెండు పుటల కోసం మరో ఫారం మొదలవుతుంది. ముందుమాటలు నాలుగు ఉంటే రెండు తీసివేసి 96కు కుదించడం ఉత్తమం. నిజానికి చాలా స్వీయ ప్రచురణలలో పాఠకుడు దాటవేసేవి ఆ ముందుమాటలే.

లోపలి పుటలకు 70 జి.ఎస్.ఎం. మ్యాప్‌లితో కాగితం, ఒకే నలుపు రంగు చాలు. రంగు ఫొటోలు తప్పవనుకుంటే వాటిని పుస్తకమంతా చల్లకుండా నాలుగు పుటల ఆర్టు కాగితంపై ఒకచోట చేర్చాలి. 64 పుటలలోపు పుస్తకానికి జిగురు బైండింగు అక్కరలేదు, నడుమ పిన్నులు కొట్టిస్తే సరిపోతుంది. అక్షరాల పరిమాణంలో మాత్రం పొదుపు తగదు. తెలుగులో వత్తులు పంక్తి కిందికి దిగుతాయి. పంక్తుల మధ్య చోటు తగ్గితే అవి కింది గుడులకు తగిలి అక్షరం చెడుతుంది. ఈ పుస్తకాలను మొదట చదివేవారు కళ్లజోడు పెట్టుకున్న పెద్దలన్న సంగతి గుర్తుంచుకోవాలి.

ముద్రిత పుస్తకాల అమ్మకంపై జి.ఎస్.టి. లేదు. ప్రెస్సు బిల్లులో పన్ను ఉండవచ్చు గనుక ధర అడిగినప్పుడే పన్నుతో కలిపి ఎంతో రాయించుకోవాలి.

దిద్దుబాటులో పోయే మాటలు

కాగితం మీద మిగిల్చిన డబ్బును ఖర్చు పెట్టవలసిన చోటు ఒకటుంది. అది టైపింగు, ప్రూఫు. సరిహద్దు తెలుగు పుస్తకాలకు అసలు నష్టం ఇక్కడే జరుగుతుంది.

రాతప్రతిలో 'మడక' అని ఉంటే ఆపరేటరు 'నాగలి' అని కొడతాడు. 'ఎర్రగడ్డ' 'ఉల్లిపాయ' అవుతుంది, 'ఉర్లగడ్డ' 'బంగాళాదుంప' అవుతుంది. పాటలో సాగదీసిన పలుకును తప్పుగా భావించి కుదించి వేస్తారు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. దూరపు నగరంలో కూర్చున్న ప్రూఫు రీడరుకు తనకు తెలియని మాట తప్పుగా కనిపిస్తుంది. కాని పుస్తకం చేతికి వచ్చేసరికి అందులో ఊరు ఉండదు. వాడుక భాష కోసం జీవితకాలం వాదించిన గిడుగు రామమూర్తి ఎక్కువ కాలం నివసించినది పర్లాకిమిడిలోనే. 1936లో ఆ పట్టణం ఒడిశా రాష్ట్రంలో చేరినప్పుడు ఆయన రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. సరిహద్దు ఊళ్ల తెలుగు తక్కువది కాదని చెప్పడానికి ఆయన పేరు తలచుకుంటే చాలు.

ఈ నష్టాన్ని ఆపడానికి డబ్బు కన్నా ఓపిక ఎక్కువ కావాలి. రాతప్రతితో పాటు, మార్చరాని ఊరి మాటల పట్టిక ఒకటి రాసి టైపు చేసేవారికి ముందుగానే ఇవ్వాలి. ఆ పట్టికకే అర్థాలు చేరిస్తే పుస్తకం చివర పదకోశంగా పనికివస్తుంది. ప్రూఫు కనీసం మూడుసార్లు చూడాలి. మొదటిసారి రాతప్రతి పక్కన పెట్టుకుని పంక్తి పంక్తి పోల్చాలి. రెండోసారి ఇంట్లో ఒకరు బయటికి చదువుతుంటే ఆ పాట తెలిసిన అవ్వో పెద్దమ్మో వినాలి. ఆమెకు అక్షరాలు రాకపోయినా తప్పు పట్టేది ఆమె చెవే. మూడోసారి పుటలు కట్టిన తరువాత, పంక్తులు విరిగిన చోట్లను చూడాలి.

ఫోన్‌లో గొంతుతో టైపు చేయించడం, ఫొటో తీసి అక్షరాలుగా మార్పించడం ఇప్పుడు సులభమైంది. ముద్రిత పుస్తకాలకు ఇవి బాగానే పనిచేస్తాయి. చేతిరాతకు, మాండలికానికి వచ్చేసరికి ఇవి కూడా ప్రూఫు రీడరు చేసే పనినే, మరింత వేగంగా చేస్తాయి. కనుక వాటి ఫలితాన్ని చిత్తుప్రతిగా మాత్రమే చూడాలి.

తెలుగు లిపి రాని పిల్లల కోసం కొన్ని కుటుంబాలు రెండో లిపిని కూడా కోరుకుంటాయి. యూనికోడ్‌లో తెలుగు, కన్నడ అక్షరాల అమరిక దాదాపు సమాంతరంగా ఉంటుంది కాబట్టి తెలుగు పాఠాన్ని కన్నడ లిపిలోకి యంత్రమే మార్చగలదు. రెండూ చదవగలిగినవారు ఒకసారి సరిచూస్తే చాలు. ఒడియాకు కూడా ఇదే వర్తిస్తుంది, అయితే అందులో ఎ-ఏ, ఒ-ఓ తేడాకు అక్షరాలు లేవు. మరాఠీ రాతలోనూ అదే చిక్కు. తమిళ లిపిలో క, గలకు ఒకే అక్షరం గనుక పక్కన అంకెలో గుర్తులో పెట్టక తప్పదు. పుస్తకమంతా రెండు లిపులలో వేస్తే పుటలు రెట్టింపవుతాయి. పాటలను మాత్రమే రెండో లిపిలో ఇచ్చి, వచనాన్ని తెలుగులోనే ఉంచడం తక్కువ ఖర్చుతో కూడిన మార్గం.

ఫైలు ఎవరి చేతిలో ఉండాలి

సీసపు అక్షరాల కాలంలో తెలుగు టైపు ఉన్న ప్రెస్సును వెతుక్కుంటూ మద్రాసుకో బెజవాడకో వెళ్లవలసి వచ్చేది. ఇప్పుడు అక్షరాలు పొదిగిన పీడీఎఫ్ తయారైతే తెలుగు రాని ప్రెస్సు కూడా దాన్ని తప్పు లేకుండా అచ్చు వేయగలదు. బెంగళూరు, శివకాశి, బరంపురం, నాందేడు, ఏది దగ్గరైతే అక్కడే వేయించుకోవచ్చు. రవాణా ఖర్చు తగ్గుతుంది, నమూనా ప్రతిని స్వయంగా చూసే వీలుంటుంది. నమూనా చూడనిదే మొత్తం ప్రతులకు ఒప్పుకోరాదు.

తెలుగు డీటీపీ కేంద్రాలు చాలాకాలంగా అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పనిచేస్తూ వచ్చాయి. ఆ ఫైలును మరో కంప్యూటరులో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. అందుకే పని అప్పగించేటప్పుడే పాఠం యూనికోడ్‌లో కావాలని అడగాలి. సురవరం, మండలి, గిడుగు, రామరాజ వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా, పుస్తకాలలో వాడుకునే అనుమతితో లభిస్తాయి. లిబ్రే ఆఫీసు కూడా ఉచితమే. ఇంట్లో చదువుకున్న పిల్లలు ఉంటే పుటలు కట్టే పని అందులోనే ముగించవచ్చు. బయట చేయించినా, డబ్బు చెల్లించే రోజున పీడీఎఫ్‌తో పాటు మార్పులు చేయగల మూల ఫైలు, ముఖచిత్రం ఫైలు తీసుకోవాలి. ఆ ఫైళ్లు లేక రెండో ముద్రణకు మళ్లీ మొదటి నుంచి టైపు చేయించుకున్నవారున్నారు.

అన్నీ తామే చూసుకుంటామని ప్యాకేజీలు అమ్మే సంస్థల విషయంలో ఒప్పందాన్ని చదవాలి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగానే చెల్లుతుంది. గడువు రాయకపోతే ఐదేళ్లుగా పరిగణిస్తారు. హక్కు రచయిత జీవితకాలం, ఆపై 60 ఏళ్లు ఉంటుంది. నమోదు చేయించుకోకపోయినా హక్కు పోదు. తరతరాలుగా వస్తున్న పాటలు ఒకరి సొత్తు కావు, అయినా పాడినవారి పేరు, ఊరు ప్రతి పాట కింద వేయడం ధర్మం. పాటలన్నీ ఇంటి ఆడవారివై, అట్ట మీద పేరు మాత్రం మనుమడిదై ఉండే పుస్తకాలు ఇప్పటికే ఎక్కువయ్యాయి.

డబ్బు సమకూర్చుకోవడం

చేతిలో ఉన్న డబ్బు చాలకపోతే ముందస్తు చందాల పద్ధతి నమ్మదగినది. ప్రతికి ఇంత అని నిర్ణయించి, బంధువుల నుంచి, ఊరి నుంచి వలస వెళ్లినవారి నుంచి ముందే తీసుకుని, ఆ సంఖ్యను బట్టి ప్రతులు వేయించాలి. పెళ్లిలోనో, పెద్దల సంవత్సరీకం నాడో పంచిపెట్టడానికి పుస్తకం వేయించే ఆచారం తెలుగువారికి కొత్త కాదు. స్టీలు గిన్నెకు పెట్టే డబ్బుతో చిన్న పుస్తకం వస్తుంది. ధార్మిక గ్రంథాల ముద్రణకు తిరుమల తిరుపతి దేవస్థానం ఆర్థిక సహాయం చేసిన సందర్భాలు అనేకం ఉన్నాయి గనుక భక్తి రచన అయితే విచారించవచ్చు. గ్రంథాలయాలు కొంటాయన్న ఆశను మాత్రం లెక్కలో చేర్చరాదు. వస్తే అది రెండో పుస్తకానికి.

ఒక ప్రాంతం తన రచయితలను తానే అచ్చులో నిలుపుకున్న ఉదాహరణ 1934 నాటి గోలకొండ కవుల సంచిక. తెలంగాణంలో కవులు లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవులను అందులో చేర్చారు. ఒక్కరి ఖర్చుకు మించిన చోట నాలుగైదు ఊళ్ల రచనలు కలిపి ఒకే సంకలనంగా తేవడం నేటికీ మంచి దారి.

సంఖ్య, గ్రంథాలయాలు, తపాలా

ఐ.ఎస్.బి.ఎన్. సంఖ్యను ఢిల్లీలోని రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. రచయిత తన పేరుతోనే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. దీనికి డబ్బు అడిగే మధ్యవర్తుల అవసరం లేదు. కేవలం ఇంటివారికి పంచే పుస్తకానికి ఈ సంఖ్య లేకపోయినా తప్పు లేదు.

1867 నాటి ముద్రణాలయాల చట్టం స్థానంలో 2023లో చేసిన కొత్త చట్టం 2024 మార్చి 1 నుంచి అమలులోకి వచ్చింది. పుస్తకాలు దాని పరిధిలో లేవు. అయినా పేరు పుట వెనుక రచయిత, ప్రచురణకర్త, ముద్రాపకుడు, ఊరు, సంవత్సరం, ప్రతుల సంఖ్య వేయాలి. వందేళ్ల తరువాత పుస్తకాన్ని గుర్తుపట్టేది వాటితోనే.

1954 నాటి పుస్తక సమర్పణ చట్టం మాత్రం అమలులోనే ఉంది. ప్రచురించిన 30 రోజులలోపు కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమెరా గ్రంథాలయానికి, ముంబయి కేంద్ర గ్రంథాలయానికి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి ఒక్కో ప్రతి సొంత ఖర్చుతో పంపాలి. స్వీయ ప్రచురణకర్తలు దీన్ని తరచుగా మరచిపోతారు. ఇంట్లో ప్రతులు వానకు తడిసినా, చెదలు తిన్నా, ఆ నాలుగు చోట్ల పుస్తకం ఉంటుంది. అందరికీ ఉచితంగా అందాలనుకుంటే స్వేచ్ఛా లైసెన్సు ప్రకటించి తెలుగు వికీసోర్సులో చేర్చవచ్చు. ఆ లైసెన్సును తరువాత వెనక్కి తీసుకోలేరు గనుక ఇంట్లో అందరితో మాట్లాడి నిర్ణయించాలి.

రిజిస్టర్డ్ పుస్తక తపాలా 2024 డిసెంబరులో ఆగిపోయింది. 2025 మే 1న వచ్చిన జ్ఞాన్ పోస్టులో 300 గ్రాముల వరకు 20 రూపాయలు, ఐదు కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనంగా నిర్ణయించారు. పాఠ్యపుస్తకాలతో పాటు సామాజిక, సాంస్కృతిక, మత సంబంధమైన పుస్తకాలకు ఇది వర్తిస్తుంది. ప్రకటనలు ఉన్న ప్రచురణలకు వర్తించదు. కనుక దాతల దుకాణం ప్రకటనను వెనుక అట్ట మీద వేసే ముందు తపాలా కార్యాలయంలో అడగాలి. పైన చెప్పిన 96 పుటల పుస్తకం సుమారు 120 గ్రాములు తూగుతుంది. ఒకే కవరులో రెండు ప్రతులు 300 గ్రాములు దాటకుండా వెళతాయి.