చిన్నప్రేవు – శస్త్రము – ఆయువు

జీర్ణనాళము పొడవులో ఇంచుమించు ముప్పాతిక భాగము చిన్నప్రేవే. అయినను ఆ నాళమున పుట్టు కాన్సరులలో నూటికి అయిదింటికి తక్కువగానే అచట పుట్టుచున్నవి. ఈ అరుదుతనము ఒక విధముగా మన అదృష్టము. మరియొక విధముగా రోగికి శత్రువు. అరుదైన దానిని ఎవరును ముందుగా అనుమానింపరు గదా! శస్త్రము ఈ రోగమును ఎట్లు చేరగలిగినది, చేరిన పిమ్మట రోగి ఆయువు దేనిపై ఆధారపడినది అను రెండు విషయములను మేము శ్రోతల ముందుంచదలచితిమి.

ప్రేవును కోసి కుట్టుట మన దేశమునకు క్రొత్త కాదు. నాభికి దిగువ ఎడమవైపున ఉదరమును కోసి, ప్రేవును వెలికి తీసి, అడ్డును తొలగించి, మరల లోపలనుంచి కుట్టు విధానము సుశ్రుతసంహితలో కలదు. చిల్లుపడిన ప్రేవు అంచులను నల్లచీమలచేత కరపించి, తలలు మాత్రము నిలుచునట్లు వాని దేహములను తుంచవలెనని కూడ అందు చెప్పబడినది. ఐరోపాలో 1826వ సంవత్సరమున లాంబేరు అను ఫ్రెంచి వైద్యుడు, ప్రేవు వెలుపలి పొరను వెలుపలి పొరకు ఆనించి కుట్టిన అతుకు కారదని చూపెను. 1846లో బోస్టనులో ఈథరు మత్తు, 1867లో లిస్టరు ప్రకటించిన క్రిమినాశక విధానము వచ్చిన పిమ్మటనే ఉదరమును నిదానముగా తెరచుట సాధ్యమైనది.

ఈ కథలో హైదరాబాదునకును చోటు కలదు. క్లోరోఫారము వలన కలుగు మరణములకు కారణమేమో తేల్చుటకు 1888, 1889 సంవత్సరములలో రెండు సంఘములు అచట పనిచేసినవి. డాక్టరు ఎడ్వర్డు లారీ వాటికి మూలపురుషుడు; నిజాము ప్రభుత్వము వ్యయము భరించినది. ముందు ఆగునది శ్వాసయే, గుండె కాదని ఆ సంఘములు నిర్ణయించినవి. గుండెయు హఠాత్తుగా ఆగవచ్చునని తరువాతి పరిశోధనలు తేల్చినను, మత్తునందున్న రోగి ఊపిరిని కనిపెట్టి యుండవలెనను పాఠము మాత్రము నిలిచినది.

ఇక ఆయువు మాట. 1881 జనవరిలో వియన్నాలో బిల్‌రోత్ కాన్సరు సోకిన జీర్ణకోశ భాగమును కోసివేసి, మిగిలినదానిని ప్రేవునకు అతికెను. రోగి కోలుకొని ఇల్లు చేరినది. కాని నాలుగు నెలలలోపే కాన్సరు తిరిగివచ్చి ఆమె మరణించినది. శస్త్రము నెగ్గుట వేరు, రోగి బ్రదుకుట వేరు అను సత్యము నాడే వెల్లడియైనది. చిన్నప్రేవు విషయమునను అంతియే. కంతిని మాత్రము తీసిన చాలదు. ఇరువైపుల ఆరోగ్యకరమైన ప్రేవును కొంతమేర, దానిని అంటియున్న పొరను, అందలి లింఫు గ్రంథులను కూడ తీయవలెను. కనీసము ఎనిమిది గ్రంథులనైనను పరీక్షించిననే వ్యాధి ఎంతవరకు ప్రాకినదో నమ్మకముగా తెలియునని నేటి నిపుణుల మతము. కంతి ప్రేవు మొదటి భాగమున, క్లోమము చెంత పుట్టినచో పని మరింత కష్టము. అట్టి చోటి శస్త్రమునకు 1935లో విపుల్ అను అమెరికను వైద్యుడు చూపిన మార్గమే నేటికిని ఆధారము.

పెదకూరపాడు 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లాలో చేరునంతవరకు గుంటూరు జిల్లాలోనిదే. ఆ ప్రాంతమువారికి పెద్ద చికిత్స యన్న గుంటూరే. 1883లో అచటికి వచ్చిన డాక్టరు అన్నా కూగ్లరు ప్రారంభించిన వైద్యసేవ ఆ శతాబ్ది ముగియకముందే స్త్రీల ఆసుపత్రిగా రూపొందినది. 1946లో గుంటూరు వైద్యకళాశాల వెలసినది. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము కాన్సరు శస్త్రచికిత్సను పేద కుటుంబములకు చేరువ చేసినది. దూరము తగ్గినది, వ్యయభారము తగ్గినది. తగ్గవలసినది ఇంటిలో జరుగు ఆలస్యము.

చిన్నప్రేవు కంతులన్నియు ఒక జాతివి కావు. 1907లో ఓబెర్‌న్‌డార్ఫరు కార్సినాయిడ్ అని పేరిడినది మెల్లగా పెరుగును. అట్టి రోగులు పెక్కేండ్లు జీవింపవచ్చును. మరియొక జాతికి 2002లో అమెరికాలో ఆమోదము పొందిన ఇమాటినిబ్ అను మందు బిళ్ల ఆయువు పొడిగించినది. అసలు కాన్సరు మాత్రము కఠినమైనది. అది ప్రేవు గోడ దాటకముందే కోసివేసినచో అయిదేండ్లకు మించి జీవించువారే ఎక్కువ. గ్రంథులకు ప్రాకినచో ఆ ఆశ తగ్గును. కాలేయమునకు చేరినచో మిగుల తగ్గును.

ఒకప్పుడు ఉదరము తెరచిన గాని కానరాని ఈ చోటును నేడు సి.టి. స్కాను చూపగలదు. మింగదగిన చిన్న కెమెరా బిళ్ల 2001 నుండి వాడుకలో నున్నది. ప్రేవు ఇరుకైనచోట అది చిక్కుకొనవచ్చును గనుక వైద్యుడు ముందుగా విచారించియే ఇచ్చును.

అయితే స్కాను గది వరకు రోగిని నడిపింపవలసినవారు ఇంటివారే. ప్రతి కడుపునొప్పికి భయపడనక్కరలేదు. కాని భోజనానంతరము నొప్పి మెలిపెట్టి పోయి మరల మరల వచ్చుచున్నను, వాంతులు వదలకున్నను, మలము తారువలె నల్లనైనను, కారణము లేక ఒళ్లు చిక్కి రక్తము తగ్గుచున్నను, వాము కషాయముతోను, బలము మాత్రలతోను నెలలు గడపరాదు. రక్తము తగ్గినదని విని ఊరకుండక, ఎచ్చట పోవుచున్నదని వైద్యుని అడుగవలెను. శస్త్రమునకు నేర్పు చేకూరుటకు శతాబ్దములు పట్టినది. దానికి సకాలమును సమకూర్చుట మన చేతిలోనిది.