చరిత్ర పఠనం – నాయకత్వ నిర్మాణం: కృష్ణా జిల్లా ఉత్తర సీమ అనుభవం

నాయకత్వ శిక్షణ అనగానే నేటి విద్యాసంస్థలు నిర్వహణ శాస్త్రం వైపే చూస్తున్నాయి. చరిత్ర, సాహిత్యం, తత్త్వశాస్త్రం పోటీ పరీక్షలకు పనికివచ్చే మేరకే ఆదరణ పొందుతున్నాయి. ఇరవయ్యో శతాబ్ది తొలి రెండు దశకాల తెలుగునాట పరిస్థితి ఇందుకు భిన్నమైనది. ఆనాడు ప్రజాజీవితంలోకి వచ్చిన పలువురు ముందుగా చరిత్ర పాఠకులు, రచయితలు. ఆ తరువాతనే నాయకులు.

వీరిలో కొందరి మూలాలు కృష్ణా జిల్లా ఉత్తర సరిహద్దులో ఉన్నాయి. తిరువూరు అప్పట్లో జమీందారీ తాలూకా. దాని పొలిమేర దాటితే నిజాం రాజ్యం. పక్కనే నందిగామ తాలూకా. 2022లో ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో ఈ రెండూ రెవెన్యూ డివిజన్ కేంద్రాలు. భాష ఒకటే అయినా ఏలుబడి రెండుగా చీలిన ఈ సీమలో పుట్టినవారు సరిహద్దుకు ఇరువైపులా పనిచేయడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

పెనుగంచిప్రోలులో 1877లో జన్మించిన కొమర్రాజు వెంకట లక్ష్మణరావు నాగపూరులో అక్క బండారు అచ్చమాంబ ఇంట ఉండి చదువుకున్నాడు. తమ్ముడి చదువు అక్కకూ చదువైంది. బడికి వెళ్ళని అచ్చమాంబ ఇంటివద్దనే పలు భాషలు నేర్చి, పూర్వకాలపు స్త్రీల జీవితాలను సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రచించింది. స్త్రీలు విద్యకు అనర్హులన్న వాదానికి ఆమె ఇచ్చిన సమాధానం ఉపన్యాసం కాదు, చారిత్రక నిదర్శనాల వరుస. 1902లో బందరులో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజాన్ని స్థాపించింది. 1905లో, ముప్పై ఏళ్ళ వయసులోనే మరణించింది. తెలుగు చరిత్ర రచనలో తమ్ముడికి దక్కిన పీట అక్కకు చాలాకాలం దక్కలేదన్నది వేరుగా చెప్పనక్కరలేదు.

లక్ష్మణరావు మునగాల సంస్థానంలో దివానుగా ఉంటూ 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి స్థాపనలో ముఖ్యపాత్ర వహించాడు. మండలి ప్రచురించిన తొలి గ్రంథం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ జీవితచరిత్ర. ఈ ఎంపిక గమనార్హం. కథానాయకుడు రాజు కాడు, భక్తుడు కాడు. పేదరికంలో పుట్టి పుస్తకాలతో తనను తాను తీర్చిదిద్దుకున్నవాడు. అధికారం వంశం ద్వారా గాక వివేచన ద్వారా వస్తుందన్న భావన ఆ ఎంపికలోనే ఉంది. 1907లో రాజమండ్రి ట్రైనింగ్ కళాశాల నుండి బహిష్కృతుడైన గాడిచర్ల, మరుసటి ఏడాది ‘స్వరాజ్య’ పత్రికలోని వ్యాసానికి జైలు పాలయ్యాడు. పుస్తకం రాసినందువల్లే ఆయన ఉద్యమకారుడయ్యాడనడం అతిశయోక్తి. విడుదలైన తరువాత ఆయన తన జీవితంలో అధికభాగాన్ని గ్రంథాలయోద్యమానికీ వయోజన విద్యకూ ఇచ్చాడన్నది మాత్రం ఆలోచించదగిన విషయం.

నందిగామలో పుట్టిన అయ్యదేవర కాళేశ్వరరావు చైనా, ఈజిప్టు వంటి దేశాల చరిత్రలను తెలుగులోకి తెచ్చాడు; 1956లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు తొలి స్పీకరయ్యాడు. నందిగామ తాలూకా పొక్కునూరులో పుట్టిన మాడపాటి హనుమంతరావు సరిహద్దు దాటి నిజాం రాజ్యంలో పనిచేశాడు. 1921లో హైదరాబాదు సంఘసంస్కరణ సభలో తెలుగులో మాట్లాడబోయిన అల్లంపల్లి వెంకటరామారావును హేళన చేసినప్పుడు ఆంధ్రజన సంఘం పుట్టింది. ఆ సంఘం చేపట్టిన పనులలో గ్రంథాలయాల స్థాపన, శాసనాలు, తాళపత్రాల సేకరణ ఉన్నాయి. అవమానానికి ప్రతిస్పందనగా శాసనాలు సేకరించాలని తోచడం నేటి పాఠకుడికి వింతగా అనిపించవచ్చు. ఉర్దూ రాజభాషగా ఉన్న చోట తెలుగువారి గతానికి రుజువు చూపడమే తొలి రాజకీయ చర్య.

అయితే ఈ కథనాన్ని ఇంతటితో ఆపితే అది సగమే అవుతుంది. మండలి రచయితలలో అత్యధికులు ఇంగ్లీషు చదువుకున్న అగ్రవర్ణ పురుషులు. అదే 1906లో హైదరాబాదులో భాగ్యరెడ్డివర్మ జగన్మిత్ర మండలిని స్థాపించి, హరికథలు, ఉపన్యాసాల ద్వారా మాల, మాదిగ వాడలకు చేరాడు. అక్షరాస్యత అందని చోట చరిత్ర చెవి ద్వారా చేరింది. 1917లో బెజవాడలో ఆయన అధ్యక్షతన జరిగిన పంచమ మహాసభలో చర్చ నేరుగా చరిత్ర మీదికే వచ్చింది: ‘పంచమ’ అన్న పేరుకు ఆధారమేది? ఈ నేలకు తాము మూలవాసులమన్న వాదంతో ఆ సభ ఆది ఆంధ్ర మహాసభగా మారింది. లింకన్ జీవితాన్ని చదవడం కన్నా ఇది కఠినమైన చరిత్రాధ్యయనం. ఇక్కడ పాఠకుడు ఇతరుల గతంలో ఆదర్శాన్ని వెతకలేదు; తనమీద రుద్దిన గతాన్నే ప్రశ్నించాడు.

ఈ రెండు ధారలనూ పక్కపక్కన ఉంచి చదివిన పరిశోధనలు తక్కువ. గ్రంథాలయోద్యమ చరిత్రలు మొదటిదాన్నీ, దళితోద్యమ చరిత్రలు రెండవదాన్నీ విడివిడిగా చెబుతూ వచ్చాయి. తిరువూరు శాసనసభ స్థానం నేడు షెడ్యూల్డు కులాలకు రిజర్వు అయినది. అక్కడి డిగ్రీ విద్యార్థికి కొమర్రాజు పొరుగూరివాడు, 1917 సభ జరిగిన బెజవాడ బస్సు దూరం.