గల్ఫ్ ఫోన్లు: కరోనా కాలపు మెట్‌పల్లి

తెలంగాణలోని మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతం నుంచి దుబాయి, మస్కట్, కువైట్‌కు వలసలు 1970ల చమురు పనుల తర్వాత పెరిగాయి. మొదట్లో కబుర్లు ఉత్తరాల్లో, ఊరికి పోయే దోస్తు చేతికిచ్చిన ఆడియో క్యాసెట్లలో చేరేవి. తర్వాత ఎస్టీడీ బూత్‌లు, స్మార్ట్‌ఫోన్లు వచ్చాయి. వాట్సాప్ కాల్స్ నడవని దుబాయిలో బోటిమ్ వంటి యాప్‌లు వాడుకున్నారు.

2020 మార్చి 2న తెలంగాణలో తొలి కరోనా కేసు బయటపడింది; బాధితుడు దుబాయి వెళ్లొచ్చినవాడే. 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. విమానాలు ఆగాయి. దోస్తుల పలకరింపే మారిపోయింది. పైసల ముచ్చట కంటే ముందు "జరం గిట్ల ఉందా, వాసన తెలుస్తుందా?" అన్న ప్రశ్న వచ్చేది. గల్ఫ్ లేబర్ క్యాంపుల్లో ఒకే గదిలో, ఒకరి పైన ఒకరుగా అంచె మంచాల మీద పడుకునేవారికి దూరం పాటించడం అసాధ్యం. ఒకరు దగ్గితే గదంతా భయపడేది. ఇక్కడ మెట్‌పల్లి వైపు బీడీ కంపెనీలు మూతపడ్డాయి. ఆకు, తంబాకు రాక బీడీలు చుట్టే ఆడవాళ్ల పని పోయింది. అటు జీతం, ఇటు కూలి రెండూ ఆగిన ఇళ్లే అందరికంటే ఎక్కువ నలిగాయి.

కువైట్ ఏప్రిల్‌లో, వీసా గడువు మీరి ఉంటున్నవారికి క్షమాభిక్ష ఇచ్చింది. విదేశాల్లో చిక్కుకున్నవారిని తీసుకొచ్చే వందేభారత్ మిషన్ మే 7న మొదలైంది. 9న కువైట్ నుంచి విమానం హైదరాబాద్ చేరింది. ఇంటికి చేరే ఆశ అప్పుడు కలిగింది. 2021 జనవరి 16న దేశంలో కరోనా టీకాలు ప్రారంభమయ్యాయి.

ఆనాటి వాయిస్ మెసేజ్‌లు ఫోన్లలో ఉన్నవారు చెరిపేయకుండా దాచాలి. ఈ ప్రాంతపు వలస చరిత్రకు అవి ప్రత్యక్ష ఆధారాలు.