నెట్‌వర్క్ స్విచ్‌లో లోపనిర్ధారణ

నెట్‌వర్క్ స్విచ్ అనగా ఒకే ఆవరణలోని కంప్యూటర్లు, ప్రింటర్లు, కెమెరాలు మొదలైన వాటిని కేబుళ్ళ ద్వారా కలిపే పరికరము. గోడకు ఉండే కరెంటు స్విచ్‌తో దీనికి పేరు తప్ప పోలిక లేదు. దీని గుండా సమాచారం సాగనపుడు లోపం ఎక్కడ ఉన్నదో కనుగొనుటకు కావలసిన సాధనాలు చాలావరకు స్విచ్‌లోనే అమర్చబడి ఉంటాయి. వాటి వినియోగమే ఈ వ్యాస విషయము.

నేపథ్యం

స్విచ్‌కు ముందు వాడుకలో ఉన్న హబ్ తనకు వచ్చిన సమాచారాన్ని అన్ని పోర్టులకూ పంపేది. స్విచ్ మాత్రం ఏ పోర్టు వైపు ఏ పరికరం ఉన్నదో దాని 48 బిట్ల మ్యాక్ చిరునామాను బట్టి గుర్తుంచుకొని, చేరవలసిన చోటికే పంపుతుంది. మొదటి ఈథర్నెట్ స్విచ్‌ను 1990లో అమెరికాలోని కల్పన అనే సంస్థ విడుదల చేసింది. భారతీయ మూలాలు గల వినోద్ భరద్వాజ్ దాని స్థాపకులలో ఒకరు. సంస్థకు ఆయన తన భార్య పేరు పెట్టారు. 1994లో సిస్కో దానిని కొనుగోలు చేసింది.

గ్రామాలలో స్విచ్

గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ చేర్చే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2011లో ఆమోదించింది. అదే తరువాత భారత్‌నెట్ అయినది. తెలంగాణలో టి-ఫైబర్ కేబుల్‌ను మిషన్ భగీరథ నీటి గొట్టాల వెంట భూమిలో వేశారు. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ కేబుల్‌ను ఎక్కువగా విద్యుత్ స్తంభాల మీదుగా తీసుకొనిపోయారు.

ఫైబర్ వచ్చి ఆగే పెట్టె దాటిన తరువాత, కార్యాలయంలోగాని పాఠశాలలోగాని కంప్యూటర్లకు దారి స్విచ్ నుండే. 2016 అక్టోబరు 11న మహబూబ్ నగర్ జిల్లా నుండి వేరుపడి ఏర్పడిన వనపర్తి జిల్లాలోని పెద్దమందడి వంటి మండల కేంద్రంలో నెట్ ఆగినపుడు మొదట తేల్చవలసినది ఒక్కటే: లోపం ఫైబర్ పెట్టెకు బయట ఉన్నదా, లోపల ఉన్నదా? బయట ఉన్నచో సంస్థ మనుషులు రావలసిందే. లోపల ఉన్నచో అక్కడి ఉపాధ్యాయుడో గుమాస్తానో సరిచేయగలడు. ఇది తేలకపోతే రెండు రూపాయల కనెక్టరు చెడినందుకు దరఖాస్తుల గడువు దాటిపోయే ప్రమాదం కలదు.

దీపాలు

ప్రతి పోర్టు వద్ద ఒక చిన్న దీపం ఉంటుంది. వెలిగి ఉంటే కేబుల్ రెండు కొసల మధ్య సంబంధం కుదిరినదని, మినుకుమినుకుమంటే సమాచారం సాగుచున్నదని అర్థం. రంగుల అర్థం తయారీదారును బట్టి మారుతుంది గనుక వివరణ పుస్తకం చూడాలి.

ఉదాహరణకు, ఒక పాఠశాలలో 20 కంప్యూటర్లు ఉండి వాటిలో ఒక్కదానికే నెట్ లేదనుకొందాం. దాని దీపం వెలగనిచో, అదే కేబుల్‌ను పనిచేయుచున్న మరొక పోర్టుకు మార్చి చూడాలి. అక్కడ వెలిగితే లోపం పాత పోర్టుది, వెలగకపోతే కేబుల్‌ది లేదా కంప్యూటర్‌ది. ఒకసారి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. కేబుల్, పోర్టు రెండూ ఒకేసారి మారిస్తే నెట్ వచ్చినా కారణం తెలియదు.

దీపాలన్నీ ఒక్కసారిగా విపరీతంగా కొట్టుకొనుచుంటే, ఎవరో ఒకే కేబుల్ రెండు కొసలనూ అదే స్విచ్‌లో గుచ్చి ఉండవచ్చును. సమాచారం ఆ వలయంలో అంతులేకుండా తిరుగుతుంది. ఇట్టి వలయాన్ని తెంచే స్పానింగ్ ట్రీ పద్ధతిని 1985లో రాడియా పెర్ల్‌మన్ రూపొందించారు. చవక స్విచ్‌లలో తరచుగా ఈ సదుపాయం ఉండదు.

లెక్కలు, చిట్టా

చవక స్విచ్‌లలో దీపాలే ఆధారం. మేనేజ్డ్ స్విచ్ అయితే బ్రౌజరు ద్వారాగాని కన్సోల్ పోర్టు ద్వారాగాని లోపలి లెక్కలు చూడవచ్చును. గిగాబిట్ వేగానికి కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100 మెగాబిట్లకు రెండు జతలు చాలు. అందుచేత గిగాబిట్ పోర్టు 100కు దిగినదంటే ఒక జత తెగినదేమోనని అనుమానించాలి. సి.ఆర్.సి. తప్పుల సంఖ్య పెరుగుచుంటే కేబుల్ పాడై ఉండవచ్చును. లేదా ఒక కొస పూర్తి డూప్లెక్స్‌లో, రెండవ కొస సగం డూప్లెక్స్‌లో ఉండవచ్చును. ఈ రెండవది మోసకారి: పింగ్ చక్కగా పోతుంది, పెద్ద ఫైలు మాత్రం నత్తనడక నడుస్తుంది.

స్విచ్ ఎంతసేపటి నుండి నడుచుచున్నదో కూడా చూడాలి. ఆ సమయం కొద్ది నిమిషాలే అయితే అనుమానించవలసినది కేబుల్‌ను కాదు, కరెంటును. నెట్ పోగానే స్విచ్‌ను ఆపి మరల వేయుట మనవారికి అలవాటు. ఒక్కోసారి అది పనిచేయును కూడా. కాని ఈ లెక్కలు, సంఘటనల చిట్టా సాధారణంగా తాత్కాలిక స్మృతిలో ఉండుటచే ఆపగానే చెరిగిపోతాయి. రెండు రోజులకు అదే లోపం తిరిగి వస్తే మొదటికి రావలసినదే. ఆపుటకు ముందు వాటిని కాగితంపై వ్రాసికొనవలెను.

కేబుల్ పరీక్ష

కొన్ని స్విచ్‌లలో టి.డి.ఆర్. అనే పరీక్ష ఉంటుంది. స్విచ్ కేబుల్‌లోనికి ఒక విద్యుత్ స్పందనను పంపి, తెగిన చోట తగిలి వచ్చే ప్రతిధ్వనికై వేచి ఉంటుంది. రాగి తీగలో స్పందన వేగం కాంతి వేగంలో సుమారు మూడింట రెండు వంతులు. 200 నానోసెకన్లకు ప్రతిధ్వని వచ్చినదంటే తెగిన చోటు సుమారు 20 మీటర్ల దూరంలో ఉన్నదన్నమాట. ఒకటి రెండు మీటర్ల తేడా ఉండవచ్చును. ఈథర్నెట్ రాగి కేబుల్‌కు 100 మీటర్లు పరిమితి. పరీక్ష జరుగునపుడు ఆ పోర్టు సంబంధం క్షణకాలం తెగవచ్చును గనుక ఆన్‌లైన్ పరీక్షల వేళ దీనిని వాడరాదు.

ఫైబర్ పోర్టుకు టి.డి.ఆర్. వర్తించదు. అక్కడ అందుచున్న కాంతి శక్తిని స్విచ్ డి.బి.ఎం.లలో చూపుతుంది. మొదట వ్రాసి ఉంచిన అంకె కంటె బాగా తగ్గినచో కొస మురికిపట్టినదో, కేబుల్ వంగినదో అయి ఉండును. ఆ కొసను కంటితో చూడరాదు. అందులోని పరారుణ కాంతి కనబడదు, కాని కంటికి హాని చేయును.

పింగ్

1983 డిసెంబరులో మైక్ మ్యూస్ వ్రాసిన పింగ్ ఆదేశం మేనేజ్డ్ స్విచ్‌లలో సాధారణంగా ఉంటుంది. స్విచ్ నుండి ముందుగా ఫైబర్ పెట్టెకు, అనగా గేట్‌వేకు, పింగ్ చేయాలి. సమాధానం రాకపోతే లోపం ఆవరణలోనే ఉండుటకు అవకాశం ఎక్కువ. గేట్‌వే పలికి, బయటి చిరునామాలు ఏవీ పలకకపోతే ఫైబర్ సంస్థకు ఫిర్యాదు చేయాలి. కొన్ని యంత్రాలు పింగ్‌కు సమాధానమివ్వకుండా అమర్చబడి ఉంటాయి గనుక రెండు మూడు చిరునామాలను ప్రయత్నించుట మేలు. ఫిర్యాదు చేయునపుడు లోపం మొదలైన సమయము, ఫైబర్ పెట్టెపై వెలుగుచున్న దీపాలు, పింగ్ ఫలితము చెప్పినచో వచ్చే సిబ్బందికి ఏ సామగ్రి తేవలెనో తెలియును.