ఆచంద్రార్కం నుంచి శాశ్వత పైకం దాకా

దానశాసనాలలోను, ఆ తరువాతి రెవెన్యూ పత్రాలలోను శాశ్వతత్వాన్ని చెప్పే మాటలు పైపైన చూస్తే అతిశయోక్తులుగా తోచినా, ఏది తరగకూడదో, దానికి ఎవరు పూచీ పడాలో తేల్చే లావాదేవీ ఒకటి ప్రతి మాట వెనుకా ఉంటుంది.

వీటిలో బహు పాతది అక్షయనీవి. నీవి అంటే మూలధనం. దాన్ని ముట్టకుండా వడ్డీతోనే ధర్మకార్యం నడపడం అక్షయనీవి పద్ధతి. క్షత్రప పాలకుడు నహపానుడి అల్లుడు ఉషవదాతుడు నాసిక్ గుహలో వేయించిన శాసనాన్ని బట్టి, అతడు 3,000 కార్షాపణాలను రెండు సాలె శ్రేణులలో, అంటే వృత్తిసంఘాలలో, పెట్టుబడిగా ఉంచాడు. అందులో 2,000 మీద నెలకు నూటికి ఒకటి చొప్పున ఏడాదికి వచ్చే 240 కార్షాపణాల నుంచి, వానకాలం గుహలో గడిపే 20 మంది భిక్షువులకు చీవరాల, అంటే కాషాయ వస్త్రాల, ఖర్చుకు తలా 12 కార్షాపణాలు ముట్టేవి. ఇక్కడ అక్షయమైనది కాలం కాదు, అసలు.

భూదానాల వ్యాప్తితో ‘ఆచంద్రార్కం’ ప్రచారంలోకి వచ్చింది. సూర్యచంద్రులున్నంత వరకు అని దీని అర్థం. చదువురాని వారికీ తెలిసేటట్లు ఆ ఇద్దరి బొమ్మలను శిలాఫలకం నెత్తిన చెక్కేవారు. భూమి ఇచ్చినవాడికి 60,000 ఏళ్ల స్వర్గమని, అపహరించినవాడు అన్నేళ్లూ అశుద్ధంలో పురుగై పుడతాడని శాసనాంతంలో చేర్చేవారు. దానానికి అవధి లేకపోయినా శాపానికి లెక్క ఉండడం విచిత్రమే. అంతగా శపించవలసి వచ్చిందంటే దానభూములు లాక్కోవడం అరుదు కాదనే అనుకోవాలి.

ఆలయ అఖండదీపాల విషయంలో ఈ భాష మరింత లౌక్యం నేర్చింది. ద్రాక్షారామం వంటి క్షేత్రాలలో దీపానికి పశువులను దానమిచ్చి కాపరులైన బోయలకు అప్పగిస్తే, వారు, వారి పుత్రపౌత్రులు నిత్యం మానెడు నెయ్యి పోయవలసి ఉండేది. తమిళదేశపు చోళ శాసనాలు ఇలాంటి దీపానికిచ్చిన 96 గొర్రెలను చావనివి, ముసలివి కానివి అంటాయి. చచ్చినవాటి బదులు ఈనినవాటిని చేర్చుకుంటూ మందను అదే లెక్కకు నిలిపే బాధ్యత కాపరిదని దాని భావం. వడ్డీ స్థానంలో నెయ్యి, అసలు స్థానంలో మంద ఉన్నాయన్నమాట.

ఈస్టిండియా కంపెనీ పాలనలో ఈ పదజాలం పారసీక వేషం వేసుకుంది. మద్రాసు ప్రభుత్వం 1802 నాటి 25వ రెగ్యులేషన్ కింద జమీందార్లకిచ్చిన పట్టాకు సన్నద్-ఇ-మిల్కియత్-ఇ-ఇస్తిమ్రార్ అని పేరు. ఇస్తిమ్రార్ అంటే ఎడతెగని కొనసాగింపు. ఇందులో శాశ్వతంగా స్థిరపడింది సర్కారుకు కట్టవలసిన పేష్కషు మొత్తమే. అది బకాయిపడితే జమీని వేలం వేయవచ్చు గనుక జమీందారుకు మాత్రం శాశ్వతత్వం షరతులతోనే దక్కింది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టంతో ఆ ఏర్పాటు ముగిసింది.

ఆచంద్రార్కం వాడుకలో ఆశీర్వచనాలకు పరిమితం కాగా, ‘పుత్రపౌత్ర పారంపర్యంగా’ అన్న మాట నేటికీ తెలుగు క్రయదస్తావేజుల్లో దాన విక్రయాది హక్కుల పక్కన కనిపిస్తుంది. భార్యకు అనుభవ హక్కు మాత్రమే ఇచ్చే దస్తావేజులో దాని చోట ‘యావజ్జీవం’ అని రాస్తారు, ఆమె తదనంతరం ఆస్తి ఎవరికి చెందాలో ఆ కిందనే పేర్కొంటారు.