హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ – ఒక యూనానీ మందు చరిత్ర

చెరకు పంటకు, బెల్లానికి పేరుపడిన చోడవరం చిరకాలం విశాఖపట్నం జిల్లాలో ఉండి, 2022లో క్రొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరింది. గోల్కొండ సుల్తానుల కాలంలో ఈ ప్రాంతం శికాకోలు సర్కారు క్రింద ఉండేది. 1766లో నిజాం అలీ ఖాన్ ఉత్తర సర్కార్లను ఈస్టిండియా కంపెనీకి వదులుకొన్న తర్వాత హైదరాబాదుతో ఈ సీమకు గల రాజకీయ బంధం తెగిపోయింది. దానితోపాటు దర్బారుల ఆదరణ మీద ఆధారపడిన విద్యలు కూడా ఇక్కడ బలహీనపడ్డాయి. యూనానీ వైద్యం అటువంటి విద్యలలో ఒకటి. ఇరవయ్యవ శతాబ్దంలో అది కోస్తా పట్టణాలకు మళ్ళీ వచ్చింది. అయితే ఈసారి ఎక్కువగా హకీం రూపంలో రాలేదు, కిరాణా కొట్టులో దొరికే చిన్న సీసా రూపంలో వచ్చింది. ఆ సీసా పేరు జిందా తిలిస్మాత్. దానిని తయారుచేసినవారు హకీం ముహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ గారు.

మందు పేరు తెలియని తెలుగు ఇల్లు అరుదు. మందు చేసిన మనిషి పేరు తెలిసిన ఇల్లు అంతకంటే అరుదు.

ఫారూఖీ గారు హైదరాబాదులో 1920లో ఈ మందును ప్రజల ముందుకు తెచ్చారు. ఆ కాలాన్ని గుర్తుచేసుకోవాలి. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. 1911లో ప్లేగు వచ్చింది. 1918లో ఇన్‌ఫ్లుయెంజా భారతదేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసింది. జలుబు, దగ్గు, జ్వరం అనే మాటలు వింటేనే జనం భయపడే రోజులవి. డాక్టరు అందరికీ అందడు, హకీం దగ్గరకు వెళ్ళినా కషాయం కాచుకోవడానికి పొయ్యి, పాత్ర, తీరిక కావాలి. రెండు మూడు చుక్కలు వేడినీళ్ళలో వేసుకొని త్రాగవచ్చు, గుండెకు, కణతలకు పూసుకోవచ్చు అనే మందు కూలివాడికి ఎంత సదుపాయమో వేరుగా చెప్పనక్కరలేదు.

మందును ప్రచారం చేయడంలో హకీం సాహెబ్ చూపిన నేర్పు కూడా గమనించదగినది. గాలిపటాల మీద మందు పేరు వేయించి ఎగురవేయించారని చెబుతారు. గాలిపటాల పిచ్చి గల హైదరాబాదులో అంతకంటే చవకైన ప్రకటన మరొకటి ఉండదు. పెట్టె మీద సిద్దీ యోధుని బొమ్మ వేయించారు. నిజాం సైన్యంలో ఆఫ్రికన్ అశ్విక దళం ఉండేది, నేటి ఏ.సి. గార్డ్స్ పేట పేరు దాని నుండి వచ్చినదే. ఆ సైనికుల దేహదారుఢ్యం నగరవాసులందరికీ తెలుసు. కనుక చదువురాని వానికి సైతం ఆ బొమ్మ అర్థమైంది.

ఇక పేరు. తిలిస్మ్ అనే మాట గ్రీకు ‘టెలెస్మా’ నుండి అరబీలో ‘తిలస్మ్’ అయి, ఫార్సీ మీదుగా ఉర్దూకు వచ్చింది. తిలిస్మాత్ దానికి బహువచనం. వైద్యం కూడా సరిగ్గా ఇదే బాటలో నడిచింది. తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో హునైన్ ఇబ్ను ఇస్‌హాఖ్ జాలీనూస్ గ్రంథాలను సుర్యానీ, అరబీ భాషలలోకి అనువదించకపోతే, ‘యూనానీ’ అనే పేరుతో ఒక వైద్యం హిందూదేశంలో నిలిచేదే కాదు. అయితే తిలిస్మాత్ అంటే మంత్రించిన వస్తువు, మాయ. ఇబ్ను ఖల్‌దూన్ తన ముఖద్దిమాలో మంత్రవిద్యను, తిలిస్మాత్‌ను ఒకే అధ్యాయంలో చేర్చి వాటిని ధర్మశాస్త్రం నిషేధించిందని వివరించాడు. అటువంటప్పుడు ఒక ముస్లిం హకీం తన మందుకు ఆ పేరు పెట్టడమేమిటని ఎవరైనా ఆక్షేపించవచ్చు. కాని 1880లలో లక్నోలోని నవల్‌కిశోర్ ప్రెస్ ‘తిలిస్మె హోష్‌రుబా’ను అచ్చువేయడం మొదలుపెట్టిన నాటి నుండి ఉర్దూ పాఠకునికి తిలిస్మ్ ఒక అద్భుత కథాలోకం. హకీం సాహెబ్ పేరును ఆ కథల లోకం నుండి తీసుకొన్నారని భావించడమే న్యాయం. సీసాలో ఉన్నది తావీజు కాదు, తైలం. విచిత్రమేమిటంటే 1954లో భారత ప్రభుత్వం మాంత్రిక చికిత్సల ప్రకటనలను అరికట్టడానికి చేసిన చట్టం, మంత్రంతోను, కవచంతోను పాటు ‘టాలిస్మన్’ అనే మాటను కూడా నిర్వచనంలో పేర్కొన్నది. ఇదీ ఆ గ్రీకు మాట సంతానమే.

ఆ తైలంలో ఏమున్నది? ప్రధానంగా నీలగిరి తైలం, కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు, ఎర్రరంగు నిచ్చే రతన్‌జోత్ వేరు. కర్పూరం, పుదీనా పువ్వు, వాము పువ్వు పొడిగా ఉండే పదార్థాలే, కాని మూడింటినీ కలిపితే వాటంతట అవే ద్రవమవుతాయి. ఈ సంగతి నాటి వైద్యులకు బాగా తెలుసు. లాహోరులో 1901లో పండిత ఠాకూర్ దత్త శర్మ ప్రారంభించిన అమృతధారకు ఆధారం ఇదే. ఫారూఖీ గారి కూర్పులో విశేషం నీలగిరి తైలం. ఆ చెట్టు ఆస్ట్రేలియాది. 19వ శతాబ్దంలో ఆంగ్లేయులు దానిని నీలగిరి కొండలలో నాటారు. ఇబ్ను సీనా (980–1037) ‘ఖానూన్’లో దాని ప్రసక్తి ఉండే అవకాశమే లేదు. ప్రాచీనులు చెప్పనిది వాడరాదని హకీం సాహెబ్ అనుకొని ఉంటే ఈ మందు పుట్టేది కాదు. తిబ్బ్‌లో దీనికి పూర్వాచారం ఉన్నది: మాలగా వాసి ఇబ్నుల్ బైతార్ (మ. 1248) దాదాపు 1,400 మూలికలను, ద్రవ్యాలను వర్ణిస్తూ గ్రీకులు ఎరుగని వాటిని వందల సంఖ్యలో చేర్చాడు.

అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. యూనానీ వైద్యానికి మూలం మిజాజ్. రక్తం, శ్లేష్మం, పసుపు పిత్తం, నల్ల పిత్తం – ఈ నాలుగింటి పాలును బట్టి ప్రతి మనిషి ప్రకృతి వేరు. హకీం నాడి చూడాలి, మూత్రం పరీక్షించాలి, రోగి ఊరి గాలి, తిండి, నిద్ర, దుఃఖం కూడా విచారించాలి. చికిత్సలో మొదట దినచర్య సవరణ, తర్వాత ఆహారం, ఆ తర్వాతనే మందు, చివరకు శస్త్రం. అందరికీ ఒకే సీసా ఇచ్చే పద్ధతి ఈ క్రమంలో మొదటి రెండు మెట్లను దాటివేస్తుంది. ఉష్ణ ప్రకృతి వానికీ, శీతల ప్రకృతి వానికీ అవే చుక్కలు. శాస్త్రదృష్టితో చూస్తే ఇది లోపమే. హకీం వంశాల వారు దీనిని వ్యాపారమని తీసిపారేస్తే పూర్తిగా కాదనలేము.

కాని ఆనాటి పరిస్థితిని కూడా త్రాసులో పెట్టాలి. బొంబాయిలో 1912లో, మద్రాసులో 1914లో వచ్చిన వైద్య రిజిస్ట్రేషను చట్టాలు హకీములకు, వైద్యులకు రిజిస్టరులో చోటివ్వలేదు. హకీం అజ్మల్ ఖాన్ 1910లోనే ఆయుర్వేద, యూనానీ వైద్యులను ఒకే సభలో కూర్చి ఈ ప్రమాదాన్ని ఎదుర్కొన్నారు. మద్రాసు ప్రభుత్వం 1921లో ముహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన దేశీయ వైద్య విచారణ సంఘాన్ని నియమించింది. దాని నివేదిక 1923లో వెలువడింది. విశాఖపట్నం జిల్లా ఆ మద్రాసు రాజధానిలోనిదే. సభలు, నివేదికలు విద్యకు గౌరవం సంపాదించాయి. వాటివల్ల సామాన్యుని ఇంటికి మందు మాత్రం రాలేదు. ఆ పని సీసా చేసింది.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ ఒకటి ఉన్నది. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం ప్రారంభించి, సంగీత సభలలో ఉచితంగా పంచి దానికి పేరు తెచ్చారు. ఆ రాబడి 1908లో ఆంధ్రపత్రిక పుట్టుకకు తోడ్పడింది. అందువల్ల పంతులు గారి జీవితం తెలుగు చరిత్రలో నిలిచింది. ఫారూఖీ గారికి పత్రిక లేదు. ఆయన పేరు మందు డబ్బాకు, ఫారూఖీ పళ్ళపొడికి, అంబర్‌పేటలోని కార్ఖానాకు పరిమితమైంది. ఈ తేడాకు కారణం మనుషుల గొప్పతనం కాదు, చరిత్ర వ్రాసేవారి అలవాటు.

హైదరాబాదులో మొదట చెప్పిన తిబ్బ్ కూడా ఆగిపోలేదు. 1595లో ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా కట్టించిన దారుష్షిఫా పేరు ఆ పేటకు మిగిలింది. చార్మినార్ ప్రక్కన నిజామియా ఆసుపత్రి వెలిసింది. బొల్లి చికిత్సకు పేరుపొందిన కేంద్ర యూనానీ పరిశోధనా సంస్థ ఏర్పడింది. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ యూనానీ కళాశాల ఉన్నది. చోడవరం నుండి ఈ రెండు నగరాలూ వందల మైళ్ళ దూరం. సీసా కొనడానికి మాత్రం వీధి చివరి కొట్టు చాలు. కొట్టువాడు నాడి చూడడు, మిజాజ్ అడగడు. చిల్లర ఇచ్చి పంపుతాడు.