ఉదారవాద శబ్దార్థ విచారము

ఆంగ్లమున "లిబరలిజ"మనబడు రాజకీయ సిద్ధాంతమును దెలుగువారు ఉదారవాదమని వ్యవహరించుచున్నారు. ఈ వ్యవహార మెంతవఱకు యుక్తమో విచార్యము. లాటినుభాషలో "లీబెర్" అనగా దాసుడు గానివాడు. తజ్జన్యమగు విశేషణము మొదట స్వతంత్రునకు దగిన శీలమును, పిదప దాతృత్వమును దెలిపెను. రాజకీయపక్ష నామమగుట 1810 తరువాత స్పెయినుదేశమున కాదిజ్ సభలో రాజుల నిరంకుశాధికారము నెదిర్చినవారితో నారంభించినది. ఇంగ్లండున లిబరలు పక్షము 1859లో నేర్పడెను.

సంస్కృతమున ఉదారశబ్దమునకు దాత, మహాత్ముడు అను నర్థములను అమరసింహుడు చెప్పెను. దండి ఉదారత్వమును పది కావ్యగుణములలో నొకటిగా లెక్కించెను. ఈ రెంటను స్వాతంత్ర్యార్థము లేదు. తెలుగుపదము లాటినుపదముయొక్క రెండవ యర్థమును గ్రహించి, మూలార్థమును విడిచినదన్నమాట. ఇది స్వల్పలోపము కాదు. ప్రభువు ఉదారుడై యిచ్చినది దానము. ప్రజలు తమదని యడుగునది స్వత్వము. దానము నిచ్చిన చేయి మరల గైకొనవచ్చును.

ఈ భేదము పాలమూరుసీమవారికి గ్రంథములలో జదివి తెలియవలసినది కాదు. గద్వాల, వనపర్తి సంస్థానములును, నల్లమలనంటియున్న అచ్చంపేట ప్రాంతమును 1948 వఱకు నిజాము రాజ్యములోనివి. బహిరంగసభకు ముందుగా ననుమతి గొనవలెనను "గస్తీ నిషాన్ 53" అచట నమలులో నుండెను. 1930లో జోగిపేటలో జరిగిన ప్రథమ నిజాంరాష్ట్రాంధ్రమహాసభ కధ్యక్షత వహించిన సురవరము ప్రతాపరెడ్డి (1896-1953) గద్వాలసీమయందు బుట్టినవాడే. 1952లో వనపర్తినుండి శాసనసభకు నెన్నికయ్యెను. ఆ రాజ్యపు కచ్చేరిభాషయగు ఉర్దూలో లిబరలు భావమునకు "ఆజాద్ ఖయాలీ" యను మాట గలదు. ఆజాదనగా స్వేచ్ఛగలవాడు. మూలార్థమును ఉర్దూ నిలుపుకొనగా దెలుగు జారవిడుచుట వింతయే.

మితవాదశబ్దము వేఱొక దారి పట్టినది. 1907లో సూరతున కాంగ్రెసు చీలిననాటి పక్షభేదమునకు మితవాది, అతివాది యను మాటలు రూఢములైనవి. 1944లో భువనగిరిలో ఆంధ్రమహాసభ చీలినపుడును కమ్యూనిస్టులు గానివారికి మితవాదులనియే పేరు. ఈ మాట వక్త కోరిక యొక్క కొలతను దెలుపునేగాని సిద్ధాంతమును దెలుపదు. నిజమునకు లిబరలు సిద్ధాంతమున మితము గావలసినది ప్రభుత్వాధికారము. కోరువాని నోరు కాదు.

1959లో రాజగోపాలాచారి మొదలగువారు స్థాపించిన పక్షమునకు "స్వతంత్ర" యని పేరిడిరి. దాని ప్రథమాధ్యక్షుడు నిడుబ్రోలు వాస్తవ్యుడగు ఆచార్య రంగా. లాటిను మూలమునకు మిక్కిలి చేరువయైన పదమిదియే. అయినను అది పక్షనామముగా నిలిచెనేకాని సిద్ధాంతనామము కాలేదు. 1991లో పాములపర్తి వేంకట నరసింహారావు ప్రధానిగా నుండగా వచ్చిన ఆర్థికవిధానమునకు తెలుగుపత్రికలు ఉదారమును, స్వతంత్రమును గూడ విడిచి, "సరళీకరణ"మను మఱియొక పదమును వాడినవి. అందు సడలింపే ప్రధానార్థము. ఎవరి కట్లు సడలెనో ఆ పదము చెప్పదు.